నీటిలోని నమ్మినబంటు

పాలమూరు, నల్లగొండ సీమలు మెట్టనేలలు. అచట వానలు తక్కువ, బండలు ఎక్కువ. ఆకాశము కరుణించినపుడు కురిసిన నీటిని కట్టలు కట్టి నిలుపుకొని, దానిని పొదుపుగా వాడుకొనుట అచటి రైతులు తరతరములుగా నేర్చిన విద్య. నల్లగొండ చెంతనున్న పానగల్లులోని ఉదయసముద్రము కందూరు చోడుల కాలమునాటి చెరువు. అంత పెద్దవి కాకున్నను, అట్టి చెరువులు ఆ సీమలో ఊరూర కలవు. ప్రతి చెరువునకును కట్ట యుండును, మత్తడి యుండును, తూము ఉండును. ఈ మూటితోపాటు నాలుగవది యొకటి పూర్వము తప్పక యుండెడిది. అది రాతితోను మట్టితోను కట్టినది కాదు. అతడు మనుష్యుడు. అతనిని నీరడి యందురు.

నీరడి పని చూచుటకు చిన్నది. తూము తెరచుట, తూము మూయుట, అంతియే. కాని ఆ చిన్నపనియందు ఊరి పంట యంతయు ఇమిడియుండెడిది. ఎంత నీరు వదలవలెనో పెద్దలు చెప్పెడివారు. నీరడి తూమును కొంత తెరచి, కాలువ వెంబడి నడచి, నీరు ఎంత వచ్చినదో కన్నులార చూచుకొనెడివాడు. ఎక్కువైనచో తగ్గించును, తక్కువైనచో పెంచును. చెప్పిన మాటకును జరిగిన పనికిని గల తేడాను తానే కనిపెట్టి, ఆ తేడా పోవువరకు సరిదిద్దుచుండును. ఇది యంతయు తరచుగా రాత్రివేళ, ఎవ్వరును చూడనిచోట జరుగవలసిన పని. కావున ఊరివారు నీరడియందు కండబలముకంటె నమ్మకమునే ముందుగా చూచెడివారు.

నీరడుల కాలము చాలవరకు గడచినది. కాని నీరడికి కావలసిన ఆ గుణములు నేటికిని వేరొకచోట, మిక్కిలి చిన్న రూపమున, అవసరమగుచున్నవి. రేడియోతో నడుచు నమూనా జలాంతర్గామిని తన చేతులతో చేయదలచిన బాలుడు మొట్టమొదట ఎదుర్కొను ప్రశ్న అదియే: నీటి లోపల, కంటికి కనబడనిచోట, చెప్పినపని చెప్పినట్లు చేయు సేవకుని ఎట్లు ఎన్నుకొనవలెను?

జలాంతర్గామి యనగా నీటి లోపల పోవు నౌక. విశాఖపట్టణమున రామకృష్ణా బీచియందు ఐ.ఎన్.ఎస్. కురుసుర యను నిజమైన జలాంతర్గామిని ఎవరైనను చూడవచ్చును. అది 1969 డిసెంబరు 18వ తేదీన భారత నౌకాదళమున చేరినది. 2001లో కొలువు చాలించి, 2002లో ప్రదర్శనశాలగా మారినది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. దాని ముందుభాగమునను వెనుకభాగమునను చేపరెక్కలవంటి పలకలు కలవు. వానిని వంచినచో నౌక ముక్కు వంగి లోతునకు దిగును, ఎత్తినచో పైకి వచ్చును. కుడియెడమలకు త్రిప్పుటకు చుక్కాని కలదు. నీటితొట్లను నింపినచో నౌక మునుగును. ఆ నీటిని గాలితో వెడలగొట్టినచో తేలును. ఈ పనులన్నిటిని కనిపెట్టి చూచుటకు కురుసురలో డెబ్బదిమందికి పైగా నావికులు ఉండెడివారు.

మూరెడు పొడవు గల నమూనాలో నావికులు ఉండుటకు చోటు లేదు. పలకలను వంచుటకును, చుక్కానిని త్రిప్పుటకును, తొట్టి కవాటమును తెరచుటకును ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న యంత్రమును పెట్టుదురు. దాని పేరు సర్వో. ఈ మాటకు మూలము లాటిను భాషలో సేవకుడని అర్థమిచ్చు పదము. నౌకల చుక్కానులను ఆవిరియంత్రముతో త్రిప్పు పద్ధతిని గూర్చి పరిశోధించిన ఫార్కో యను ఫ్రెంచి ఇంజనీరు 1873లో వెలువరించిన గ్రంథమున ఈ పేరు వాడెను. అటుపిమ్మట 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెనున ఒక చిన్న పడవను తీగలు లేకయే దూరమునుండి నడపి చూపెను. సేవకుడను పేరొకచోట, దూరమునుండి వచ్చు ఆజ్ఞ మరియొకచోట పుట్టి, నేటి ఆటబొమ్మలలో ఒక్కటైనవి.

సర్వో పెట్టెను విప్పి చూచినచో లోపల నాలుగు భాగములు కనబడును. చిన్న విద్యుత్తు మోటారు ఒకటి. దాని పరుగును తగ్గించి బలమును పెంచు పండ్లచక్రముల వరుస ఒకటి. ఇరుసు ఎంత తిరిగినదో తెలుపు పొటెన్షియోమీటరు ఒకటి. ఈ మూటిని కలుపు విద్యుత్తు పలక ఒకటి. పెట్టెలోనికి మూడు తీగలు వచ్చును. రెండు విద్యుత్తునకు, మూడవది ఆజ్ఞకు. ఆజ్ఞ సెకనుకు సుమారు 50 మారులు చిన్న స్పందనముగా వచ్చును. స్పందనము నిడివి 1.5 మిల్లీసెకనులైనచో నడుమ నిలువుమని అర్థము. 1 మిల్లీసెకనుకు తగ్గినచో ఒక ప్రక్కకును, 2 మిల్లీసెకనులకు పెరిగినచో రెండవ ప్రక్కకును తిరుగుమని అర్థము. సర్వో తన ఇరుసు ఉన్నచోటును, ఉండవలసినచోటును పోల్చి చూచి, తేడా యున్నంతవరకు మోటారును త్రిప్పును. తేడా పోగానే ఆపును. కాలువ వెంబడి నడచి నీటిని చూచుకొను నీరడి పనియే ఇది. వట్టి మోటారు ఆజ్ఞ విని పరుగెత్తును గాని, ఎంత దూరము వచ్చినదో ఎరుగదు. సర్వో ఎరుగును. దాని గొప్ప యంతయు అందే కలదు.

ఇక ఎన్నిక మాట. అంగడికి పోయిన బాలుడు మొదట అడుగునది బలమును గూర్చియే. నీటి లోపల పనిచేయవలెను గదా, నీరు బరువు గదా, కావున అన్నిటికంటె బలమైనది కావలెనని తలచును. ఇది తర్కమువలె తోచును గాని, లెక్కకు నిలువదు.

లోతునకు పోవుకొలది నీటి ఒత్తిడి పెరుగునన్నది నిజమే. కాని పలకకు పైనను క్రిందను నీరే యున్నది. రెండు ప్రక్కల ఒత్తిడియు దాదాపు సమానముగా నుండి ఒకదాని నొకటి రద్దుచేయును. పలకను త్రిప్పునపుడు ఎదిరించునది లోతు కాదు, ఎదురుగా పారి వచ్చు నీటివేగము. నమూనా సెకనుకు ఒక మీటరు వేగముతో పోవుచున్నదనుకొన్నచో, ఆ వేగమువలన కలుగు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 5 గ్రాములు మాత్రమే. పది చదరపు సెంటీమీటర్ల పలకపై అది 50 గ్రాములకు మించదు. ఆ బలము ఇరుసునకు ఒక సెంటీమీటరు దూరమున పనిచేయునని తలచినను, సర్వో మోయవలసిన భారము స్వల్పము. పాఠశాలల ప్రయోగశాలలలో తరచుగా కనబడు నీలిరంగు బుల్లి సర్వో తొమ్మిది గ్రాముల బరువుండును. అది తన ఇరుసునుండి సెంటీమీటరు దూరమున సుమారు ఒకటిన్నర కిలోగ్రాముల బరువును నిలుపగలదు. అనగా ఈ పనికి కావలసిన బలమునకు ముప్పది రెట్లు దానియొద్ద కలదు! ఇంతకంటె బలవంతుని వెదకుట గంప మోయుటకు ఏనుగును పిలుచుట వంటిది.

అయితే అన్ని పనులును ఒక్కటి కావు. నీటితొట్టి కవాటముయొక్క స్థితి వేరు. దానికి ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క గాలి. అచట లోతు తన బలము నిజముగా చూపును. రెండు మీటర్ల లోతున చదరపు సెంటీమీటరునకు 200 గ్రాముల ఒత్తిడి యుండును. కవాటము రెండు చదరపు సెంటీమీటర్లదైనచో 400 గ్రాములు. దీనిపై స్ప్రింగు బలము, రబ్బరు అంటుకొనిపోవుట కూడ చేరును. కావున ఇచట మధ్యరకపు సర్వో, సెంటీమీటరు దూరమున మూడు కిలోగ్రాములు నిలుపగలది, తగియుండును. ఒకటిన్నర సెంటీమీటర్ల మీట పెట్టినను దానియొద్ద రెండు కిలోగ్రాముల బలము మిగులును. పని తెలిసిన పిమ్మటనే సేవకుని వెదకవలెను గాని, సేవకుని తెచ్చి పని వెదకరాదు.

బలముకంటె ముఖ్యమైన గుణము వేరొకటి కలదు. అది నడిమికి మరలివచ్చుట. ఆజ్ఞ ముగియగానే సర్వో సరిగా మునుపు నిలిచినచోటనే మరల నిలువవలెను. నీటిపై తేలు పడవ చుక్కాని రెండు డిగ్రీలు తప్పినచో పడవ కొంచెము వంకరగా పోవును, చూచుచున్నవాడు సరిదిద్దుకొనును. జలాంతర్గామి పలక తప్పినచో నౌక కనబడకుండ లోతునకు దిగుచుండును. ముక్కు 5 డిగ్రీలు క్రిందికి వంగిన నౌక పది మీటర్లు పోవునప్పటికి సుమారు 87 సెంటీమీటర్లు దిగును. ఎర్ర చెలకల మట్టితో కలిసిన వాననీటి చెరువులో మూరెడు లోతున ఉన్న వస్తువే కనబడదు. అడుగున మెత్తని ఒండ్రు, మునిగిన తుమ్మకంపలు. అచట చిక్కుకొన్న నమూనా మరల వేసవిలో చెరువు ఎండినపుడే కనబడును.

ఈ తప్పు సర్వోలోనే కాక, సర్వోకును పలకకును నడుమనున్న కడ్డీలోను పుట్టును. కడ్డీ చొచ్చిన రంధ్రము వదులై ఒక మిల్లీమీటరు ఆడుచున్నదనుకొందురు గాక. పదునైదు మిల్లీమీటర్ల మీటవద్ద అది దాదాపు నాలుగు డిగ్రీల తప్పగును. నూరు రూపాయల సర్వో అయినను వేయి రూపాయల సర్వో అయినను ఈ వదులును తొలగింపలేదు. మంచి సేవకునికి తెగిన త్రాడు నిచ్చి, నీరు తోడలేదని నిందించుట తగదు.

పండ్లచక్రములను గూర్చియు వివేచన కావలెను. నైలాను చక్రములు మెత్తగా తిరుగును, తుప్పుపట్టవు. కాని పలక బండకు తగిలినచో పన్ను విరుగును. లోహచక్రములు దెబ్బకు ఓర్చును. కాని కాలక్రమమున అరిగి వదులగును. నౌక గర్భమున దాగియున్న సర్వోకు నైలాను చాలును. బండలకు తగులుటకు వీలున్న ముందుపలకలకు లోహము మేలు. ఆకాశమున ఎగురు నమూనాలకు సర్వో బరువు పెద్ద చిక్కు. జలాంతర్గామికి అట్లు కాదు. దానిని నీటితో సమానపు బరువునకు తెచ్చుటకు ఎట్లును లోపల సీసపుముక్కలు పెట్టవలసినదే. ఇచట చిక్కు చోటును గూర్చినది. సన్నని గొట్టములో మూడు సర్వోలు, బ్యాటరీ, రేడియో గ్రాహకము, మోటారు అన్నియు ఇమిడి, విప్పి సరిచేయుటకు వేలికి చోటు మిగులవలెను.

విద్యుత్తు మరియొక ప్రమాణము. యాబదియైదు గ్రాముల బలమైన సర్వో ఒకటి కదలక చిక్కుకొన్నచో రెండు ఆంపియర్లకు పైగా విద్యుత్తును త్రాగును. అట్టివి మూడు ఒక్కమారు చిక్కుకొన్నచో చిన్న బ్యాటరీ సోలిపోవును. వోల్టేజి పడిపోగానే గ్రాహకము మూర్ఛిల్లును. నౌక ఏ ఆజ్ఞనూ వినదు. బలవంతుడైన సేవకుడు ఇంటి ధాన్యమంతయు తిని, యజమానినే పస్తుపెట్టినట్లగును.

ఆజ్ఞ అందకపోవుట నీటి లోపల అరుదైన ప్రమాదము కాదు, నిత్యముండు చిక్కు. నేటి రేడియో పెట్టెలలో పెక్కు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములతో పనిచేయును. ఆ తరంగములు గాలిలో దూరము పోవును గాని, నీటిలో జానెడు లోతునకే నశించును. 27, 40, 75 మెగాహెర్ట్జ్ వంటి పాతరకపు దీర్ఘతరంగములు మంచినీటిలో కొన్ని మీటర్ల లోతువరకు చొచ్చిపోగలవు. ఉప్పునీటిలో అవియు త్వరగా క్షీణించును. కావుననే జలాంతర్గాముల నమూనాలు చేయువారు పాతరకపు రేడియోలను నేటికిని విడువలేదు. ఐనను ఏదో యొక క్షణమున ఆజ్ఞ ఆగిపోవచ్చును. అపుడు సర్వో ఏమి చేయవలెను?

దీనికి జవాబు పాలమూరు సీమలోనే కలదు. పూర్వపు మహబూబునగరు జిల్లాలో, నేటి వనపర్తి జిల్లాలో, కొత్తకోట ప్రాంతమున సరళాసాగరమను జలాశయము కలదు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేర దానిని తలపెట్టెను. 1949లో పునాది పడి, 1959లో అది పూర్తియైనది. దాని విశేషము సైఫనులు. జలాశయము నిండుమట్టమునకు రాగానే నీరు వంపు గొట్టములలోనికి ఎక్కి, లోపలి గాలిని వెడలగొట్టి, పెద్ద ధ్వనితో తనంతట తానే బయటికి పారును. మట్టము తగ్గగానే గొట్టములోనికి గాలి చొచ్చి ప్రవాహము ఆగును. తలుపు ఎత్తువాడు అక్కరలేదు, ఎత్తుమని చెప్పువాడును అక్కరలేదు. నడిరాత్రి తుపానులో ఏ కబురును అందకున్నను, చేయవలసిన పని జరిగితీరును.

నమూనా జలాంతర్గామి కవాటపు సర్వోకు ఈ సైఫను బుద్ధియే కావలెను. ఆజ్ఞ ఆగినచో ఏ స్థితికి పోవలెనో గ్రాహకమునకు ముందుగానే నేర్పి యుంచవచ్చును. అపుడు రేడియో ధ్వని వినబడని మరుక్షణమే సర్వో తొట్టి కవాటమును తెరచును. గాలి నీటిని వెడలగొట్టును. నౌక పైకి తేలును. తేలిన నౌకకు ఆజ్ఞ మరల అందును. ఈ ఏర్పాటు లేని నమూనాను చెరువులో విడుచుట కూలి చెప్పకుండ, తిరుగుదారి చూపకుండ సేవకుని అడవికి పంపుట వంటిది.

సరళాసాగరము మరియొక పాఠమును కూడ నేర్పినది. 2019 డిసెంబరు 31వ తేదీన దాని మట్టికట్టకు గండిపడి, నిండిన నీరు చాలవరకు వెడలిపోయెను. పిమ్మట కట్టను మరల కట్టిరి. ఒక అంగము ఎంత నేర్పరియైనను, మరియొక అంగము తెగినచో నీరు నిలువదు. నమూనాలోను అంతే. సర్వోలను పొడిగానుంచు గొట్టమునకు మూతలు, కడ్డీలు బయటికి వచ్చు రంధ్రములకు రబ్బరు వలయములు, వానికి జిడ్డు సరిగా అమర్చవలెను. వలయము బిగువైనచో కడ్డీ కదలక సర్వో అలసిపోవును. వదులైనచో నీరు చొచ్చును. ఒక్క చుక్క నీరు విద్యుత్తు పలకపై పడినచో అంతవరకు చేసిన ఎన్నిక యంతయు వ్యర్థము.

కావున తెలివిగలవాడు నౌకను తిన్నగా చెరువునకు కొనిపోడు. మొదట బల్లమీద సర్వోలను వందమారులు త్రిప్పి, ప్రతిమారును నడుమకే వచ్చుచున్నవో లేవో గీతపెట్టి చూచును. పిదప గొట్టమును మాత్రము ఇంటి గోలెములో ఒక పూట ముంచి, లోపల పెట్టిన కాగితము తడిసినదేమో చూచును. తరువాత రేడియో మీటను ఆపి, కవాటము తనంతట తెరచుకొనునో లేదో పరీక్షించును. తుదకు లోతులేని తేట నీటిలో, నౌకకు సన్నని నైలాను త్రాడును దానికొక బెండును కట్టి, పెద్దవారి తోడుతో విడుచును. నౌక మునిగి రాకున్నచో బెండు దాని జాడ తెలుపును. అంతేగాని దానికొరకు చెరువులోనికి గాని, రాళ్లు తీసిన గుంతలోనికి గాని దుముకరాదు. ఆ గుంతల అంచులు నిటారుగా నుండును, అడుగు కనబడదు. పోయిన నమూనాను మరల చేయవచ్చును. పోయిన బాలుని మరల తేలేరు.

ఇంత చిన్న వస్తువును గూర్చి ఇంత విచారమేల యని కొందరు అనవచ్చును. కాని అంగడిలో వస్తువు కొనుటకు వేయి మంది కలరు. పనిని ఎరిగి వస్తువును ఎన్నుకొనువారు కొందరే. పలకకు ఎంత బలము కావలెనో లెక్కించినవాడు, కడ్డీ వదులును వ్రేలితో తడవి చూచినవాడు, ఆజ్ఞ ఆగిన క్షణమును ముందుగా ఊహించినవాడు, రేపు పెద్ద జలాశయపు తలుపునైనను నిర్మింపగలడు. అట్టి తలుపు క్రింద బొమ్మ నౌక కాదు, ఊళ్లు ఉండును. ఎవ్వరును చూడనిచోట పని సరిగా జరుగునని నమ్మి ఆ ఊళ్లు నిద్రించును.